ఏ హేరోదు? ఏ మరియ?

వాక్యం – వివరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వందనాలు టీచరమ్మ గారూ. హేరోదు రాజు బేత్లెహేములో పసిపిల్లలను చంపించాడు. ముప్పై ఏళ్ల తర్వాత బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. శిలువ రోజున యేసును విచారించాడు. ఆ పైన అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. ఒక్క మనిషి ఇంతకాలం ఎలా బతికాడని మా అబ్బాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మీ అబ్బాయి సరిగ్గా పట్టుకున్నాడు. వీళ్లంతా ఒక్క మనిషి కాదు, ఒక వంశం. మన పెద్దవాళ్లు ‘వెంకటగిరి రాజా గారు’ అంటూ ఏదైనా సంగతి మొదలుపెడితే ఏ రాజా గారో, తాతగారో మనవడో అడిగి తెలుసుకోవలసిందే. హేరోదు పేరు కూడా అలాగే నాలుగు తరాలకు అంటుకుపోయింది.

మత్తయి 2వ అధ్యాయంలో ఉన్నది పెద్దవాడు, మహా హేరోదు. తండ్రి ఇదూమయుడు, అంటే ఏదోము జాతివాడు. తల్లి నబాతీయ అరబ్బుల ఆడపడుచు. క్రీ.పూ. 40లో రోమా సెనేటు అతనికి ‘యూదుల రాజు’ అని పదవి ఇచ్చింది. ఆ పదవిని నిలబెట్టుకోవడానికి మూడేళ్లు యుద్ధం చేసి క్రీ.పూ. 37లో యెరూషలేమును పట్టుకున్నాడు. దేవాలయాన్ని తిరిగి కట్టించింది, సముద్రతీరాన కైసరయ రేవును నిర్మించింది ఇతనే. భార్య మరియమ్నెను చంపించాడు, ముగ్గురు కొడుకులను చంపించాడు. ‘యూదుల రాజుగా పుట్టినవాడు ఎక్కడ’ అని జ్ఞానులు అడిగింది సెనేటు నుంచి ఆ బిరుదు తెచ్చుకున్న మనిషిని. ఆ ప్రశ్న వినగానే అతను, అతనితోపాటు యెరూషలేమంతా ఎందుకు కలవరపడిందో ఇప్పుడు తెలుస్తుంది.

అతను క్రీ.పూ. 4లో చనిపోయాడు. మరి యేసు పుట్టింది అతను బతికుండగానే కదా, క్రీస్తు క్రీస్తుపూర్వం ఎలా పుట్టాడని మీ అబ్బాయి తప్పకుండా అడుగుతాడు. క్రీస్తు శకాన్ని లెక్కగట్టింది ఆరో శతాబ్దంలో రోములో ఉన్న దియొనీసియస్ అనే సన్యాసి. ఆయన లెక్క కొన్నేళ్లు తేడా పడింది. అందుకే చరిత్రకారులు యేసు జననాన్ని క్రీ.పూ. 4కు ముందు పెడతారు. ఇందులో విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు.

పెద్ద హేరోదు పోయాక రాజ్యాన్ని ముగ్గురు కొడుకులు పంచుకున్నారు. యూదయ, సమరయ అర్కెలాయుకు వచ్చాయి. ఐగుప్తు నుంచి తిరిగి వస్తూ యోసేపు భయపడింది ఇతనికే. అతని పాలన ఎంత చెడ్డదంటే క్రీ.శ. 6లో రోమా చక్రవర్తే పదవి తీసేసి దేశాంతరం పంపాడు. యూదయకు రోమా అధిపతులు వచ్చింది అప్పటినుంచే. గలిలయ, పెరయ అంతిపకు దక్కాయి. యోహానును చంపించింది, యేసు ‘ఆ నక్క’ అన్నది, శిలువ రోజున విచారించి పిలాతు దగ్గరికి తిప్పి పంపింది ఈ అంతిప. సువార్తల్లో ‘చతుర్థాధిపతి’ అని కనిపిస్తే ఎక్కువసార్లు ఇతనే. మూడోవాడు ఫిలిప్పు, ఉత్తర ప్రాంతాల పాలకుడు.

అపొస్తలుల కార్యములు 12లో యాకోబును చంపించి పేతురును చెరసాలలో వేసినవాడు మనవడు, మొదటి అగ్రిప్ప. తాత చంపించిన కొడుకుల్లో ఒకడైన అరిస్తొబూలుకు పుట్టినవాడు. ఇతను క్రీ.శ. 44లో కైసరయలో, జనం దేవుడని పొగుడుతుండగా జబ్బుపడి చనిపోయాడు. అదే సంగతిని యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా రాశాడు. వెండి దారాలతో నేసిన వస్త్రం పొద్దుటి ఎండలో మెరవడం, పొగడ్తలు, కడుపునొప్పి, అయిదు రోజులకు చావు. లూకా, జోసీఫస్ చెరొకవైపు నుంచి ఒకే మరణాన్ని చూపిస్తారు. ఇక పౌలు గొలుసులతో నిలబడి మాట్లాడింది మునిమనవడు, రెండో అగ్రిప్ప ఎదుట. పక్కన కూర్చున్న బెర్నీకే అతని సొంత చెల్లెలు.

ప్రశ్న: నేను పొగాకు రైతును. మత్తయి 18లో రాజుకు పదివేల తలాంతులు బాకీపడిన సేవకుడు, వంద దేనారాలు బాకీపడిన తోటి సేవకుడి కథ ఉంది. ఈ లెక్క మన లెక్కలో ఎంత? – ఒక పాఠకుడు, కొండపి

జవాబు: రూపాయల్లోకి మార్చితే అసలు సంగతి పోతుంది. కూలి లెక్కలో చూద్దాం.

దేనారం రోమా వెండి నాణెం. ఒక కూలివాడి ఒక రోజు కూలి అంతే. ద్రాక్షతోట కథలో యజమాని మాట్లాడుకున్నదీ అదే ధర. తలాంతు నాణెం కాదు, తూకం. ఒక తలాంతు వెండికి 6,000 దేనారాలు. ఏడాదికి 300 రోజులు పని దొరికిందనుకుంటే ఒక్క తలాంతు సంపాదించడానికి కూలివాడికి 20 ఏళ్లు. పదివేల తలాంతులకు 2 లక్షల ఏళ్లు. అంతిప హేరోదు గురించి పైన రాశాను కదా, గలిలయ, పెరయ రెండు ప్రాంతాల నుంచి అతనికి ఏడాదికి వచ్చే రాబడి 200 తలాంతులని జోసీఫస్ లెక్క చెప్పాడు. అంటే ఈ సేవకుడి బాకీ గలిలయ ప్రభుత్వపు 50 ఏళ్ల ఆదాయం! యేసు చుట్టూ కూర్చుని విన్నవాళ్లు గలిలయవాళ్లే. ఆ అంకె చెవిన పడగానే వాళ్ల ముఖాలు ఎలా మారి ఉంటాయో మీరే ఊహించండి. ‘కాస్త ఓర్చుకో, అంతా చెల్లిస్తాను’ అని ఆ సేవకుడు బతిమాలడం ఎంత అసాధ్యమైన మాటో కూడా.

ఇక వంద దేనారాలు. మన ప్రసంగాల్లో దీన్ని చిల్లర డబ్బు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. వంద దేనారాలంటే వంద రోజుల కూలి, మూడున్నర నెలల తిండి. వేలం కేంద్రం దగ్గర బేళ్లు పెట్టుకుని ధర కోసం ఎదురుచూసిన మీకు అంత సొమ్ము విలువ ఒకరు చెప్పనక్కరలేదు. తోటివాడు నిజంగానే బాకీ ఉన్నాడు, చెల్లించవలసినవాడే. యేసు ఆ బాకీని లేదనలేదు, చిన్నదనీ అనలేదు. మనకు జరిగిన నష్టం నిజమైనదే అయినా క్షమించమంటున్నాడు. రెండు బాకీల మధ్య తేడా ఆరు లక్షల రెట్లు. రెండోదాన్ని చిల్లర చేసేస్తే, మనుషులు ఒకరికొకరు చేసుకునే గాయాలను కూడా చిల్లర చేసినట్టే.

ప్రశ్న: అమ్మా, మాది తాతల నాటి నుంచి వేట. తుఫాను వస్తుందంటే రెండు మూడు రోజుల ముందే చెబుతారు, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, మేము పడవలు తీయం. పేతురు, యోహాను కూడా వేట చేసేవాళ్లే కదా. అంత తుఫాను వస్తుందని తెలియకుండా పడవ ఎలా తీశారు? – ఒక పాఠకుడు, జువ్వలదిన్నె

జవాబు: వేట తెలిసినవాడికే ఈ ప్రశ్న తడుతుంది. మనం గలిలయ సముద్రం అనగానే బంగాళాఖాతాన్ని, వాయుగుండాన్ని తలుచుకుంటాం. అక్కడిది సముద్రం కాదు, మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువ ఉన్నచోట 13 కిలోమీటర్లు. ఎదుటి గట్టు కంటికి కనిపిస్తుంది. కిన్నెరెతు, గన్నేసరెతు, తిబెరియ సముద్రం అని బైబిలులో ఉన్నవన్నీ ఈ ఒక్క సరస్సు పేర్లే. లూకా మాత్రం దీన్ని ఎప్పుడూ సరస్సనే రాశాడు.

ఈ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 210 మీటర్లు దిగువన, కొండల మధ్య గుంటలో ఉంది. కింద గాలి వేడెక్కి ఉంటుంది. తూర్పున గోలాను పీఠభూమి మీద చల్లటి గాలి. ఆ చల్లగాలి లోయల వెంట ఒక్కసారిగా కిందికి దిగితే, అద్దంలా ఉన్న నీరు కాసేపటికే ఉడికిపోతుంది. లోతు కూడా తక్కువే, మహా అయితే 43 మీటర్లు. అందుకే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తాయి. మన తీరంలో లాగా రోజుల ముందు మబ్బు, హోరు ఉండవు. పేతురుకు తెలియనిది అలల సంగతి కాదు, అవి లేచే గడియ. వేటలో పుట్టి పెరిగినవాళ్లే ‘నశించిపోతున్నాం’ అని కేకలు వేశారంటే ఆ గాలి ఎలాంటిదో మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

వాళ్ల పడవ ఎలా ఉండేదో కూడా చెబుతాను. 1986లో వానలు లేక సరస్సు నీటిమట్టం బాగా పడిపోయినప్పుడు గిన్నోసార్ ఊరి జాలరి అన్నదమ్ములిద్దరికి ఒడ్డు బురదలో పాత పడవ అంచు కనిపించింది. తవ్వితే 8.2 మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పున్న పడవ అడుగు భాగం బయటపడింది. అంటే 27 అడుగులు, ఏడున్నర అడుగులు. మీ రేవులో ఇసుక మీద అడుగులు వేసి ఒక గీత గీసి చూడండి. పదమూడు మంది అందులో ఎలా సర్దుకున్నారో, వెనక తలదిండు మీద ఒకరు పడుకోవడానికి చోటు ఎక్కడుందో తెలుస్తుంది. పలకల అంచుల్లో గాడి తొలిచి, చెక్క బిళ్లలు దూర్చి, కొయ్య మేకులు బిగించి కట్టిన పడవ అది. పలకలు ఎక్కువగా దేవదారువి, పక్కటెముకల్లాంటి వంకీలు సింధూరపు (ఓక్) కర్రవి. కానీ పరీక్షిస్తే పన్నెండు రకాల కర్ర తేలింది. విరిగినచోటల్లా చేతికి దొరికిన ముక్కతో అతుకు వేశారు. ఇక పనికిరాదని తేలాక తెరచాప కొయ్య నిలిపే దిమ్మ లాంటి మంచి భాగాలు ఊడదీసుకుని మిగిలినదాన్ని నీళ్లలో వదిలేశారు. ఏ కర్రనూ పారేయని బీద జాలరుల పనితనం అందులో ఉంది. పడవ క్రీస్తు కాలానిదే, క్రీ.పూ. మొదటి శతాబ్దానికీ క్రీ.శ. మొదటి శతాబ్దానికీ మధ్యది. ‘యేసు పడవ’ అని బొమ్మలు అమ్ముతుంటారు గానీ ఆయన ఎక్కాడనడానికి ఆధారం లేదు. ఆ కాలపు జాలరి పడవను కళ్లారా చూడగలుగుతున్నాం, నాకు అది చాలు.

ప్రశ్న: టీచరమ్మ గారూ, నా పేరు మగ్దలేన. మా అమ్మమ్మ పెట్టిన పేరు. నర్సింగ్ చదువుతున్నాను. ప్రతి ఈస్టరుకు ప్రసంగంలో ‘మగ్దలేనే మరియ వ్యభిచారిణి, ప్రభువు ఆమెను మార్చాడు’ అంటారు. అందరూ నా వైపు చూస్తారు. పేరు మార్చుకోవాలని ఉంది. – పేరు రాయవద్దన్న సోదరి, కావలి

జవాబు: మార్చుకోవద్దు తల్లీ. మీ అమ్మమ్మ నీకు చాలా గొప్ప పేరు పెట్టింది. తప్పు ప్రసంగంలో ఉంది.

మగ్దలేనే మరియ వ్యభిచారిణి అని నాలుగు సువార్తల్లో ఒక్క చోట కూడా లేదు. ఒక్క చోట కూడా. ఉన్నది ఇంతే. లూకా 7వ అధ్యాయం చివర, పరిసయ్యుడైన సీమోను ఇంట్లో ఒక స్త్రీ కన్నీళ్లతో యేసు పాదాలు కడుగుతుంది. ఆమె పాపాత్మురాలని రాశాడు గానీ లూకా ఆమె పేరు చెప్పలేదు. 8వ అధ్యాయం మొదట్లో, ఏడు దయ్యాలు వదిలిపోయిన మగ్దలేనే మరియ అని కొత్త మనిషిని పరిచయం చేసినట్టు రాశాడు. ఇద్దరూ ఒకరే అయితే అక్కడే చెప్పేవాడు. ఇక యోహాను 12లో యేసు పాదాలకు అత్తరు పూసింది బేతనియ మరియ, మార్త చెల్లెలు, లాజరు అక్కాచెల్లెళ్లలో ఒకరు. బేతనియ యెరూషలేముకు కూతవేటు దూరం. మగ్దల గలిలయలో, సరస్సు పడమటి ఒడ్డున ఉంది, అక్కడికి రోజుల తరబడి నడక. ఊర్లు వేరు, ఇళ్లు వేరు, మనుషులు వేరు.

ముగ్గురినీ ఒకరిగా కలిపి చెప్పింది పోపు మొదటి గ్రెగరీ, క్రీ.శ. 591లో చేసిన ఒక ప్రసంగంలో. ఏడు దయ్యాలంటే అన్ని రకాల పాపాలని కూడా అందులోనే అర్థం చెప్పారు. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు ఈ కలపడాన్ని ఒప్పుకోలేదు, వాళ్లు మొదటినుంచీ ముగ్గురిని వేరుగానే తలుచుకుంటున్నారు. పడమటి దేశాల్లో మాత్రం బొమ్మల్లో, పాటల్లో, ప్రసంగాల్లో ఆ నింద దాదాపు 1,400 ఏళ్లు నడిచింది. రోమన్ కతోలిక సంఘం 1969లో ఆరాధన పంచాంగాన్ని సవరించినప్పుడు ఆమెను వేరుగా నిలిపింది. 2016లో పోపు ఫ్రాన్సిస్ జూలై 22ను ఆమె పండుగగా, అపొస్తలుల పండుగలతో సమానమైన స్థాయికి పెంచారు. ఆ గ్రెగరీ పోపు పేరైనా వినని మన పల్లె సంఘాల్లో ఆయన ప్రసంగం మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఏడు దయ్యాల సంగతికి వస్తాను. సువార్తల్లో దయ్యం పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. సమాధుల్లో తిరిగిన మనిషికి సేన అనేంత మంది దయ్యాలు పట్టాయి. అతణ్ణి ఎవరైనా వ్యభిచారి అంటారా? నిప్పుల్లో నీళ్లలో పడిపోయే కుర్రవాణ్ణి అంటారా? మగవాడికి పడితే బాధ, ఆడదానికి పడితే నడత చెడ్డదా? ఈ మాట అనేవాళ్లు వాక్యంలో లేనిది చేర్చుతున్నారు. నువ్వు నర్సింగ్ చదువుతున్నావు కనుక నీకు తెలిసే ఉంటుంది, రోగిని రోగిగా చూడడం దగ్గరే వైద్యం మొదలవుతుంది.

ఆమె ఎవరో లూకానే చెప్పాడు. హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలతో కలిసి తమ సొంత ఆస్తితో యేసుకు, శిష్యులకు ఉపచారం చేసినవాళ్లలో మొదటి పేరు మగ్దలేనే మరియది. ఆ హేరోదు అంతిప. యోహానును చంపించిన ఇంటి నుంచే ఒక స్త్రీ వచ్చి యేసు వెంట నడుస్తోంది, ఆమె పక్కన మరియ. శిష్యులు పారిపోయినప్పుడు శిలువ దగ్గర నిలిచింది, సమాధి ఎక్కడో చూసి పెట్టుకుంది, చీకటి ఉండగానే వెళ్లింది. యోహాను 20 ప్రకారం లేచిన ప్రభువును మొదట చూసింది ఆమె, శిష్యులకు కబురు చెప్పింది ఆమె. అందుకే పాత సంఘపెద్దలు ఆమెను అపొస్తలులకు అపొస్తలురాలు అన్నారు.

ఆమె ఊరి గురించి కూడా తెలుసుకో. మగ్దల చేపల ఊరు. ఉప్పు చేపల వ్యాపారాన్ని బట్టి వచ్చిన తరికేయ అన్న గ్రీకు పేరు ఈ ఊరిదేనని చాలామంది పండితుల అభిప్రాయం. 2009లో అక్కడ తవ్వకాల్లో మొదటి శతాబ్దపు సమాజమందిరం బయటపడింది. లోపల నేల మధ్య ఒక చెక్కడపు రాతి దిమ్మ ఉంది. దాని మీద ఏడు కొమ్మల దీపస్తంభం, రెండు పక్కలా రెండు కూజాలు, పైన పూవు ఆకారం. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోవడానికి ముందే చెక్కింది. దేవాలయాన్ని కళ్లతో చూసి వచ్చిన పనివాడు చెక్కి ఉంటాడని తవ్వినవాళ్లు అనుకుంటున్నారు. నీ పేరులో ఉన్నది ఆ ఊరు.

వచ్చే ఈస్టరుకు ముందే మీ పాస్టరు గారిని కలువు. గొడవ పడవద్దు. లూకా 7 చివరి వచనాలు, 8 మొదటి వచనాలు ఒకేసారి చదివి వినిపించమని అడుగు. ఆ స్త్రీ పేరు ఎక్కడుందో ఆయన్నే చూపించమను.

ప్రశ్న: మా పుట్టింటివాళ్లు బాప్తిస్టులు, అత్తింటివాళ్లు కతోలికులు. అత్తగారి బైబిల్లో తోబీతు, యూదితు, మక్కబీయులు అని మాకు లేని పుస్తకాలు ఉన్నాయి. మా నాన్న అవి ముట్టవద్దంటారు. – ఒక సోదరి, నెల్లూరు

జవాబు: మీ పుట్టింటి బైబిల్లో 66 పుస్తకాలు, అత్తింటి బైబిల్లో 73. ఆ ఏడూ పాత నిబంధన భాగంలోనివి. మీరు రాసిన పేర్లలో మక్కబీయులు రెండు పుస్తకాలు. సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు మిగిలినవి. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని అదనపు భాగాలు కూడా ఉంటాయి.

క్రీస్తుకు ముందే యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకున్నారు. సెప్తువజింత్ అనే ఆ గ్రీకు సంపుటిలో ఇవి ఉన్నాయి, తొలి సంఘం ఎక్కువగా వాడింది ఆ గ్రీకు లేఖనాలే. హెబ్రీ సంపుటిలో ఇవి లేవు. ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ 1534లో తెచ్చిన జర్మన్ బైబిల్లో వీటిని తీసేయలేదు, పాత కొత్త నిబంధనల మధ్య వేరుగా పెట్టి, చదవడానికి మంచివే గానీ లేఖనాలతో సమానం కావన్నాడు. 1546లో కతోలికుల ట్రెంట్ మహాసభ ఇవి లేఖనాలేనని తీర్మానించింది. పంపకం అక్కడ స్థిరపడింది.

మీ నాన్నగారితో ఒక్క మాట చెప్పండి. యోహాను 10:22లో ఆలయ ప్రతిష్ఠిత పండుగ, శీతకాలం అని ఉంది. ఆ పండుగ మోషే ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. అది ఎలా వచ్చిందో చెప్పేది మక్కబీయుల గ్రంథాలే. అన్యరాజు అపవిత్రం చేసిన దేవాలయాన్ని క్రీ.పూ. 164లో యూదా మక్కబీ శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించిన సంగతి అది. మీ సంఘం లేఖనంగా ఒప్పుకోకపోయినా, మలాకీకీ మత్తయికీ మధ్య నాలుగు వందల ఏళ్లలో ఏం జరిగిందో తెలియాలంటే ఆ పుస్తకం తెరవవలసిందే. అత్తగారిని అడిగి తీసుకోండి. ఆమెకూ సంతోషంగా ఉంటుంది.

ప్రశ్న: మా ప్రాంతానికి నీళ్లు తెచ్చే వెలిగొండ సొరంగాల గురించి మాట్లాడుకుంటుంటే ఒక సోదరుడు హిజ్కియా రాజు కూడా సొరంగం తవ్వించాడన్నాడు. అది ఇప్పటికీ ఉందా? – ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ఉంది. అందులో నీళ్లు పారుతున్నాయి, మోకాళ్ల లోతు నీటిలో జనం నడిచి వెళుతున్నారు. రాజులు రెండో గ్రంథం 20:20లో దాని ప్రస్తావన ఉంది.

యెరూషలేముకు ఉన్న ప్రధానమైన ఊట గీహోను. అది కెద్రోను లోయ వైపు, కోట బయటి పక్కన ఉంది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చాడు. శత్రువుకు నీళ్లు దొరకకూడదు, పట్టణంలో ఉన్నవాళ్లకు ఆగిపోకూడదు. అందుకని ఊటను బయట కప్పేసి, కొండ లోపలి నుంచి సిలోయము కోనేటికి నీటిని మళ్లించారు. సొరంగం పొడవు 533 మీటర్లు. నల్లమల కింద ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్లున్న మన సొరంగాల ముందు చిన్నదే. కానీ యంత్రాలు లేవు, దిక్సూచి లేదు, ఉలి, సుత్తి, నూనె దీపం మాత్రమే. రెండు జట్లు రెండు చివరల నుంచి తవ్వుకుంటూ వచ్చాయి. దారి పాములా మెలికలు తిరిగి ఉంటుంది. అయినా కలిశారు. కలిసినచోటికి దగ్గరలో దారి తప్పి తవ్వి ఆపేసిన మూలలు కనిపిస్తాయి. గోడ మీద ఉలి గాట్లు అంతవరకు ఒకవైపు వాలి ఉండి అక్కడి నుంచి ఎదురు దిక్కుకు తిరుగుతాయి.

ఆ క్షణాన్ని పనివాళ్ల వైపు నుంచి చెప్పే శాసనం 1880లో సిలోయము చివర గోడ మీద దొరికింది. ఇంకా మూడు మూరల రాయి మిగిలి ఉండగా అవతలివాడి పిలుపు వినిపించిందని, ఉలికి ఉలి ఎదురై తవ్వారని, 1,200 మూరలు నీళ్లు పారాయని అందులో ఉంది. తలల మీద రాతి మందం వంద మూరలట. రాజు పేరు ఒక్క అక్షరం కూడా లేదు. రాజుల శాసనాలే నిండిన ఆ కాలంలో రాళ్లు కొట్టినవాళ్ల మాట మిగలడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. ఆ రాయి ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

ప్రశ్న: పెంతెకొస్తు రోజున మూడువేల మంది బాప్తిస్మం తీసుకున్నారు. యెరూషలేములో నది లేదు. అన్ని నీళ్లెక్కడివి, ఒక్క రోజులో ఎలా కుదిరింది? – ఒక పాఠకుడు, మద్దిపాడు

జవాబు: నీళ్ల సంగతి సులువు. దేవాలయంలోకి వెళ్లేముందు యూదులు మునిగి శుద్ధి చేసుకోవాలి. అందుకు రాతిలో తొలిచి మెట్లు కట్టిన గుంటలు దేవాలయపు దక్షిణ మెట్ల దగ్గర తవ్వకాల్లో పదుల సంఖ్యలో దొరికాయి. బేతెస్ద కోనేరు ఉంది. పై ప్రశ్నలోని సొరంగం నీళ్లు చేరే సిలోయము ఉంది. అక్కడ యేసు కాలపు వెడల్పాటి మెట్లు 2004లో మురుగుకాలువ పైపు పనిలో బయటపడ్డాయి. పండుగకు దేశదేశాల నుంచి వచ్చే జనానికి సరిపడేలా కట్టుకున్న పట్టణం అది.

ఒక్క రోజులో ఎలాగంటారా, మీ మండలంలోనే జరిగింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దానికి ముందు 1876–78 కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి కల్పించాడు. ఆ కరువు సాయం జరుగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు బోధకులు. ఒక్కోసారి ఇద్దరే దిగేవారు, అలసిపోతే మరో ఇద్దరు. సాయంత్రానికి పూర్తయింది. పెంతెకొస్తున పన్నెండుగురు అపొస్తలులు ఉన్నారు, తలకు 250 మంది.

ప్రశ్న: పిలాతు నిజంగా ఉన్నాడనడానికి బైబిలు బయట ఆధారం ఉందా? – ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: ఉంది. జోసీఫస్, యూదు తత్వవేత్త ఫిలో, రోమా చరిత్రకారుడు తాసితస్ ముగ్గురూ రాశారు. 1961లో సముద్రతీర కైసరయ నాటకశాలలో ఇటలీ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వుతుంటే, మెట్టుగా తిరగేసి వాడిన ఒక రాతి మీద లాటిన్‌లో పిలాతు పేరు, యూదయ అధిపతి అన్న పదవి కనిపించాయి. ఆ రాయి యెరూషలేము మ్యూజియంలో ఉంది. అతను పాలించింది క్రీ.శ. 26 నుంచి 36 వరకు. ఉండేది కైసరయలోనే, పండుగల్లో జనం గుంపుగూడతారని యెరూషలేముకు వచ్చేవాడు. ఇది పేతురు కొర్నేలి ఇంటికి వెళ్లిన కైసరయ. ‘నేనెవరినని జనులు అనుకుంటున్నారు’ అని యేసు అడిగింది ఉత్తరాన హెర్మోను కొండ కిందున్న ఫిలిప్పు కైసరయలో. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి రాస్తుంటారు, చూసుకో.

ప్రశ్న: మంచి సమరయుని కథ చెబుతాం. ఆ సమరయులు ఇప్పుడు ఉన్నారా? – ఒక సండేస్కూలు టీచరు, కనిగిరి

జవాబు: ఉన్నారమ్మా, 800కు అటూ ఇటూ. సగం మంది గెరిజీము కొండ మీద, సగం మంది తెల్ అవీవు దగ్గర హోలోనులో ఉంటారు. వాళ్ల లేఖనం మోషే అయిదు గ్రంథాలే. యాకోబు బావి దగ్గర ఆ స్త్రీ ‘మా పితరులు ఈ పర్వతం మీద ఆరాధించారు’ అన్నది ఈ గెరిజీమునే. ఏటా పస్కా పండుగకు అక్కడే గొర్రెపిల్లలను బలి ఇస్తారు. పిల్లలకు చెప్పేటప్పుడు సమరయుడిని పాతకాలపు మనిషిగా కాకుండా, ఇప్పటికీ ఆ కొండ మీద ఇళ్లు కట్టుకుని ఉన్నవాళ్ల ముత్తాతగా చెప్పండి.